మతమూ, ఆధ్యాత్మికతా: గురజాడ సాక్ష్యం

“నాకు మతం లేదు గాని ఆధ్యాత్మికత వుంది” అనే మాట చదువుకున్నవారి నోట తరచుగా వినిపిస్తున్నది. వారు గుడికి పోరు, పురోహితుణ్ణి పిలవరు, కులం పట్టించుకోమంటారు. అయినా మనిషికి అన్నమూ బట్టా కాక మరేదో కావాలంటారు. ఈ మాట ఎదురైనప్పుడు మన శిబిరంలో రెండు సమాధానాలు పుడుతున్నాయి. రెండూ ఒకటే, పాత సరుకు పేరు మార్చుకుని వచ్చింది, కొట్టిపారెయ్యండి అనేది మొదటిది. మతం చెడ్డది, ఆధ్యాత్మికత మంచిది, గనక దానితో మనకు పేచీ లేదు అనేది రెండవది. మొదటి సమాధానం చెప్పేవారికి ఆలోచించే శ్రమ తప్పుతుంది. రెండవది చెప్పేవారికి తగాదా తప్పుతుంది. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం.

ఇది వట్టి తర్కం కోసం ఎత్తుకున్న విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం పాఠం చెప్పే పిల్లల తల్లులు పైడితల్లమ్మకు మొక్కుకునేవారు, అరసవిల్లి సూర్యనారాయణుడికి దణ్ణం పెట్టుకునేవారు. వారి మనసులో వున్నదేమిటో తెలుసుకోకుండా దాన్ని మూఢత్వమని తోసేస్తే ఆ ఇళ్ల తలుపులు మనకు మూసుకుపోతాయి. తెలుసుకోకుండా తల వూపితే ఆ ఇళ్లలోకి మన వెనకనే బైరాగులూ జొరబడతారు. ఈ రెండు ప్రమాదాలనూ ఎరిగిన రచయిత మన ప్రాంతంలోనే వున్నాడు. అతడు విజయనగరం గురజాడ అప్పారావు (1862–1915).

ముందుగా మాటల సంగతి. ‘మతం’ అంటే మొదట అభిప్రాయమనే అర్థం. నా మతం ఇది, నీ మతం అది అని పండితులు వాదించుకునేవారు. అభిప్రాయం మార్చుకోవచ్చు. పుట్టుకతో వచ్చి, పెళ్లినీ తిండినీ చావునూ శాసించే కట్టుబాటును మార్చుకోవడం అంత తేలిక కాదు. అభిప్రాయమనే మాట కట్టుబాటుకు పేరుగా స్థిరపడడంలోనే సగం చరిత్ర వుంది. ఇక ‘వేదాంతం’ మాట చూడండి. కూలి అడిగినవాడికి రైతు నీతులు చెబితే, “వేదాంతం చెప్పకు బాబూ, డబ్బులియ్యి” అంటాడు కూలివాడు. ఆత్మవిద్య పేరు పల్లెటూరి నోట ఎగవేతకు పేరయింది. పండితులు ఎన్ని భాష్యాలు రాసినా, ఈ రెండు మాటల మీద జనం ఇచ్చిన తీర్పు ఇది.

ఇప్పుడు కన్యాశుల్కం దగ్గరికి వద్దాం. ఆ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమయింది. 1897లో అచ్చయింది. పూర్తిగా తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ వివాహాల్లో కన్యాశుల్కం పుచ్చుకున్నవాటి జాబితాను విజయనగరం మహారాజు తయారుచేయించాడు. అవి 1,034 తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు.

ఈ 1,034 పెళ్లిళ్లలో ఒక్కదానికయినా మంత్రలోపం జరిగిందని అనుకోకండి. హోమాలు జరిగాయి, ముహూర్తాలు కుదిరాయి, దక్షిణలు ముట్టాయి. ఏడాది బిడ్డను అమ్మినవాడు కులభ్రష్టుడు కాలేదు. ఆ బిడ్డే విధవ అయి, పెద్దయి, మళ్లీ పెళ్లాడితే ఆ ఇల్లంతా వెలిపడేది. అగ్నిహోత్రావధానులు ఈ ధర్మానికి ప్రతినిధి. అతడు కపటి కాడు. వేదం వచ్చినవాడు, ఆచారం తప్పనివాడు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్ననాడే విధవ అయి కళ్లెదుట తిరుగుతుండగా, రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు అమ్మడానికి బేరం కుదుర్చుకుంటాడు. వచ్చిన డబ్బు దావాలకు పోస్తాడు. అతని మతంలో దేవుడికి చోటుంది, అగ్నికి చోటుంది, ఆస్తికి చోటుంది. కూతురి ఏడుపుకు మాత్రం లేదు. మతాన్ని గురజాడ పట్టుకున్నది ఇక్కడ. వేదాంత సూత్రాల దగ్గర కాక, కొనుగోలు అమ్మకాల దగ్గర పట్టుకున్నాడు.

అయితే మతం లేకుండా ఆధ్యాత్మికత మాత్రమే వున్నవాడు ఈ నాటకంలో లేడా? ఉన్నాడు. అతడే బైరాగి. అతనికి ఇల్లు లేదు, ఆచారం లేదు, మడి లేదు. కాశీ హరిద్వారాల కబుర్లు చెబుతాడు. సారాదుకాణంలో అతని చుట్టూ శైవుడూ వైష్ణవుడూ పోలీసువాడూ కూడి తత్త్వం మాట్లాడతారు. బయట ఒకరి నీళ్లు ఒకరు ముట్టనివారు అక్కడ ఒకే సీసాకు దాసులు. కాని ఆ అద్వైతం దుకాణం గుమ్మం దాటదు. తెల్లవారేసరికి ఎవరి బొట్టు వారిది, ఎవరి పీట వారిది. మతాన్ని దాటానన్న బైరాగి మతం చేసిన అన్యాయాల్లో ఒక్కదాన్నయినా కదిపాడా? లేదు. కదిపితే అతనికి గిరాకీ వుండదు.

గమనించవలసిన విషయం మరొకటి వుంది. మతమూ ఈ మహిమలూ వేరువేరు కొట్లయినా కొనేవాడు ఒక్కడే. లుబ్ధావధానులు శాస్త్రోక్తంగా పిల్లను కొంటాడు. ఆ పిల్ల మాయమయి వ్యవహారం బెడిసికొట్టగానే పూజారి గవరయ్య దయ్యాల విద్యకు లోబడతాడు. ఒకటి అతని ఆస్తికి హామీ, రెండవది అతని భయానికి మందు. నేడు ఊపిరి పీల్చడం నేర్పడానికి రుసుం పుచ్చుకునే ఆశ్రమాలకూ, వాటికి ఎకరాలకు ఎకరాలు రాసిచ్చే షావుకార్లకూ వున్న సంబంధం ఇదే. మతాన్ని విడిచి ఆధ్యాత్మికత పట్టుకున్నామనేవారు చాలామంది ఒక కొట్టు మాని పక్క కొట్టుకు పోయినవారు. మొదటి సమాధానం చెప్పే మన మిత్రులు ఇంతవరకు చూశారు. ఇంతవరకు వారు చెప్పింది నిజం.

అయితే గురజాడ అక్కడ ఆగలేదు. సౌజన్యారావు పంతులు బైరాగి కాడు, అగ్నిహోత్రావధానులూ కాడు. చదువుకున్న వకీలు, సత్యసంధుడు, సంస్కర్త. అతని నీతి శుభ్రమైన నీతి. అతని చేతిలో వున్నది భగవద్గీత. అతని నియమం వేశ్యల ముఖం చూడకపోవడం. తన దగ్గరికి వచ్చిన మధురవాణికి అతడు గీత ఇస్తాడు. శ్రీకృష్ణుడు కూడా యాంటీనాచి పక్షంవాడేనా అనే అర్థం వచ్చేటట్టు ఆమె ఒక్క ప్రశ్న వేస్తుంది. జనం నవ్వుతారు. నవ్వి ఊరుకోకూడని ప్రశ్న అది. గోపికల మధ్య తిరిగిన దేవుణ్ణి పూజించేవాడు ఒక వేశ్యను అంటరానిదిగా చూడడానికి ఆధారం ఎక్కడిది? దేవుడు మారాడు, పూజ మారింది, పుస్తకం ఇంగ్లీషు చదువు వెలుగులో కొత్త అర్థం తెచ్చుకుంది. వెలివేసే అలవాటు మాత్రం మారలేదు. సంస్కర్త మనసులో మతం చివరికి దాక్కునే మూల ఇదేనని ఆమె చూపించింది.

మధురవాణికి సౌజన్యారావంత చదువు లేదు, బైరాగికున్నన్ని మహిమలు లేవు. లుబ్ధావధానులు ఆమెకు ఏమీ కాడు. అయినా చెయ్యని హత్యకు అతడు చిక్కుకుంటే ఆ ముడి విప్పుతుంది. పందెం గెలిచి, ఎదుటివాడి వ్రతం చెడకూడదని తాను గెలిచినదాన్ని వదులుకుంటుంది. తనకు లాభం లేని చోట తోటిమనిషి కోసం ఒక అడుగు వెయ్యడమంటే ఇది. ఆధ్యాత్మికత అనే మాటకు ఏదైనా విలువ వుంటే అది ఇక్కడ వుంది.

దీన్ని నీతి అంటే సరిపోదా, ఆధ్యాత్మికత అనే మురికి పట్టిన మాట ఎందుకు అని మిత్రులు అడగవచ్చు. పూర్ణమ్మ కథాగేయాన్ని గుర్తు చేసుకోమంటాను. పూర్ణమ్మ పూజారి ఇంటి పిల్ల. దుర్గకు రోజూ పూలు కోసి అలంకరించింది. తండ్రి ఆమెను డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టాడు. తన పేరు పుట్టబోయే ఆడపిల్లలకు పెట్టుకోమని అన్నదమ్ములకు చెప్పి, సాయంకాలం దుర్గ కొలనుకు వెళ్లింది, తిరిగి రాలేదు. తండ్రికీ కూతురికీ దేవత ఒక్కతే. తండ్రికి ఆమె కొలువు, జీతం. కూతురికి ఈ లోకంలో తనను అమ్మని ఒకే ఒక్క మనిషి. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచే విమర్శ మొద్దుబారిన విమర్శ. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్సు కూడా ఆ చోటనే దానిలో పీడితుల బాధ పలుకుతుందని చెప్పాడు. మనం మొదటి మాట కంఠస్థం చేశాం, రెండవది వదిలేశాం.

అయితే రెండవ సమాధానంవారు ఇక్కడ సంతోషించనక్కర లేదు. పూర్ణమ్మ భక్తి ఎంత నిర్మలమైనదయినా పెళ్లిబేరాన్ని ఆపలేదు. ఆమె చచ్చిపోయింది, తండ్రి బతికాడు. లోపలి వెలుగు బయటి వ్యవస్థను తాకకపోతే దాని ఫలితం కొలనే. ఆ బేరానికి అడ్డు పడినవి సంస్కరణ, చదువు, 1929 నాటి శారదా చట్టం, అన్నిటికంటె ఆడపిల్లలు బడికి రావడం. గురజాడ కన్నీరు పెట్టించి ఊరుకోలేదు. ఆ కన్నీటిని తండ్రుల మీదికి తిప్పాడు.

ఈ భేదం తెలియకపోతే ఏమవుతుందో విజయనగరం దగ్గర రామతీర్థంలో చూశాం. ఆ ఊళ్లో గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి, దుర్గకొండ మీద జైన విగ్రహాలున్నాయి, బోడికొండ మీద రాముడున్నాడు. మూడు మతాలకు చోటిచ్చిన ఆ కొండల మధ్య 2020 డిసెంబరు చివర రాముడి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేశారు. కొద్దిరోజుల్లో పార్టీల నాయకులు పోటీలుపడి కొండెక్కారు. చుట్టుపక్కల పల్లెల ముసలమ్మలకు కలిగిన బాధ నిజమైనది. ఆ బాధ మీద ఓట్ల లెక్క వేసుకున్నవారిది మతం. ముసలమ్మ బాధను గౌరవించి, లెక్క వేసేవాణ్ణి నిలదీయడం మన పని. ముసలమ్మను వెక్కిరిస్తే ఆమెను మనమే ఆ లెక్కలోకి తోసినవారమవుతాం.

ఈ జిల్లా మరొక దారి కూడా చూపించింది. సుబ్బారావు పాణిగ్రాహి ఉద్దానంలో బొడ్డపాడు గ్రామంలో గుడి పూజారి. దేవతల కథలు చెప్పే జముకు వాద్యాన్ని చేతపట్టి, జముకుల కథలో గిరిజన రైతుల పోరాటం వినిపించాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని రాజకీయ మార్గం మీద మనలో భేదాభిప్రాయాలుండవచ్చు. కాని జనం దేవత ముందు కూర్చున్నప్పుడు ఏ చెవితో వింటారో ఆ చెవికే అతడు కొత్త మాట చెప్పాడు. జముకును విరగ్గొట్టమనలేదు, జముకు చాలుననీ అనలేదు.

గనక ఎవరైనా తనది మతం కాదు, ఆధ్యాత్మికత అని చెప్పినప్పుడు, దేవుడున్నాడా లేడా అన్న వాదంలోకి దిగకండి. మూడు ప్రశ్నలు వెయ్యండి. నీ ధ్యానం పూర్తయి లేచాక నీ కూలివాడి కూలి పెరిగిందా? నీ ఇంట్లో ఆడదాని మాటకు విలువ పెరిగిందా? నిన్న నీ గడప తొక్కనివ్వనివాడు ఇవాళ నీతో కూర్చుని తిన్నాడా? ఈ మూడింటికీ అవునన్నవాడు గుడికి పోయినా మనవాడే. కాదన్నవాడు గుడి మానేసినా అగ్నిహోత్రావధానులు బంధువే. నాస్తికులమని చెప్పుకునే మనకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.