ఇంజన్ ఆగాక మొదలయ్యే పనితనం

హెలికాప్టర్ గొప్పతనమంతా ఉన్నచోటు నుంచి నిటారుగా లేవడంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నాకైతే అది దిగే తీరులో, అందులోనూ ఇంజన్ ఆగిపోయాక దిగే తీరులో కనిపిస్తుంది. ఆ విద్య నేర్పే చోటు మనకు దగ్గర్లోనే, హైదరాబాద్‌ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ విమానం మీద ఓనమాలు దిద్దుకున్నవాళ్లలో హెలికాప్టర్లకు ఎంపికైనవారు హకీంపేటలోని శిక్షణ పాఠశాలకు వస్తారు. అక్కడ తరతరాల పైలట్లకు చేయి తిప్పడం నేర్పిన యంత్రం చేతక్.

ఫ్రాన్స్‌లో అలూయెట్-3 పేరుతో 1959లో తొలిసారి ఎగిరిన హెలికాప్టర్‌నే 1962 ఒప్పందంతో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ బెంగళూరులో తయారుచేసింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. వైమానిక దళంలో దీని అరవై ఏళ్ల సేవకు గుర్తుగా 2022 ఏప్రిల్ 2న సభ జరిగింది కూడా హకీంపేటలోనే. పైలట్‌తో కలిపి ఏడుగురు పట్టే చిన్న యంత్రం. ఒకటే ఇంజన్. 870 అశ్వశక్తి ఇవ్వగల ఆ ఇంజన్ నుంచి 570 మాత్రమే వాడుకునేలా కట్టారు. అందువల్లే గాలి పలచబడే కొండల మీద, మండుటెండల్లో కూడా దానికి కొంత శక్తి చేతిలో మిగిలి ఉంటుంది. తమ సత్తాలో కొంత దాచుకునే యంత్రాలంటే నాకు మొదటినుంచీ గౌరవం.

అయినా ఒకటే ఇంజన్ కదా, అది ఆగితే? ఈ ప్రశ్నకు జవాబు గేర్‌బాక్స్ దగ్గర ఉంది. ఇంజన్‌కూ రోటర్‌కూ మధ్య ఒక ఫ్రీవీల్ అమర్చారు. తొక్కడం ఆపేసినా సైకిల్ వెనక చక్రం తిరుగుతూనే ఉంటుంది చూడండి, ఇదీ అంతే. ఇంజన్ రోటర్‌ను తిప్పగలదు గానీ, ఆగిపోయిన ఇంజన్ రోటర్‌ను పట్టి ఆపలేదు. తోక రోటర్‌ను కూడా పెద్ద రోటర్ గేర్లకే కలిపారు కాబట్టి పైన రెక్కలు తిరుగుతున్నంతసేపూ ముక్కును అటూ ఇటూ తిప్పే అదుపు పైలట్ పాదాల కింద ఉంటుంది. ఇంజన్ చచ్చిపోయినా యంత్రంలో మిగతాదంతా బతికే ఉండేలా గీసిన నమూనా ఇది.

ఇక మిగతా సగం పనితనం మనిషిది. ఇంజన్ ఆగగానే చేతక్ ముక్కు కుడివైపు తిరగబోతుంది, చప్పుడు మారిపోతుంది. రోటర్ వేగం పడిపోవడం మొదలవుతుంది. పైలట్ ఎడమచేతిలో కలెక్టివ్ అనే లీవర్ ఉంటుంది. రెక్కలన్నీ ఒకేసారి ఎంత వాలుగా గాలిని కోయాలో చెప్పేది అదే. కిందికి పోతున్నామన్న భయంలో ఎవరి చెయ్యైనా దాన్ని పైకి లాగాలనే చూస్తుంది. లాగితే రెక్కల మీద భారం పెరిగి తిరగడం మందగిస్తుంది, ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే వెంటనే దాన్ని కిందికి దించాలి. ప్రాణభయం చెప్పిన మాటకు సరిగ్గా ఎదురు పని చేయాలి, అదీ ఒకటి రెండు సెకన్లలో. ఆలోచించి చేస్తే ఆలస్యమైపోతుంది కనుక చేతికే అలవాటయ్యేదాకా శిక్షకుడు పక్కన కూర్చుని మళ్లీ మళ్లీ చేయిస్తాడు.

కలెక్టివ్ దిగాక గాలి దారి మారుతుంది. అంతదాకా పైనుంచి కిందికి నెట్టిన గాలి ఇప్పుడు కిందినుంచి పైకి రెక్కల మధ్యగా పోతుంది. రెక్క నడిమి భాగం ఆ గాలితో రోటర్‌ను తిప్పుతుంది, కొస భాగం ఆ తిప్పుడును వాడుకుని బరువు మోస్తుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. ఇప్పుడు ఇంధనం ఎత్తే. గాలికి ఎదురుగా ఒక మైదానం ఎంచుకుని, వేగం నిలుపుకుంటూ దిగాలి. నేల దగ్గరపడ్డాక ముక్కు పైకెత్తితే ముందుకు పోయే వేగం తగ్గి, రోటర్ మరింత చురుగ్గా తిరుగుతుంది. మళ్లీ సమం చేసి, చివరి క్షణంలో కలెక్టివ్ పైకి లాగితే రెక్కల్లో దాచుకున్న శక్తంతా ఖర్చై హెలికాప్టర్ మెత్తగా కూర్చుంటుంది. ఆ నిల్వ ఒక్కసారికే సరిపోతుంది. ముందే లాగితే ఎత్తునుంచి పడుతుంది, ఆలస్యమైతే నేలను గుద్దుకుంటుంది.

ఇది ఎంతదాకా పనిచేస్తుందో 1972 జూన్ 21న ఫ్రెంచి పైలట్ జాన్ బూలే చూపించాడు. చేతక్ ఇంజన్, రోటర్లనే పెట్టుకున్న లామా హెలికాప్టర్‌ను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాక ఇంజన్ ఆరిపోయింది. అక్కడినుంచి నేల వరకూ ఆటోరొటేషన్‌లోనే దిగాడు. ఆ లామానే మన సైన్యం చీతా పేరుతో హిమాలయాల్లో వాడింది.

మరి ఎత్తూ వేగమూ రెండూ లేనప్పుడు? అప్పుడు దిద్దుకోవడానికి పెట్టుబడే ఉండదు. ఏ ఎత్తులో ఏ వేగం కన్నా తక్కువగా ఉండకూడదో చెప్పే గీతను పైలట్ పుస్తకంలోనే గీసి ఇస్తారు. పని లేకుండా ఆ గీత లోపలికి వెళ్లకపోవడమే మంచి పైలట్ మొదటి లక్షణమని నా నమ్మకం.

ఎమర్జెన్సీ చెక్‌లిస్ట్ కూడా ఈ పనితనంలో భాగమే. వెంటనే చేయాల్సినవి కంఠతా రావాలి, తీరికున్నవి పుస్తకం చూసి చేయాలి, ఏది చేస్తున్నా యంత్రాన్ని నడపడం మాత్రం ఆపకూడదు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురిని నల్లమలలో పొట్టన పెట్టుకున్న బెల్ 430 ప్రమాదంపై విచారణ జరిపిన త్యాగి కమిటీ చెప్పింది చదివితే మనసు కలుక్కుమంటుంది. అది పౌర హెలికాప్టర్, రెండు ఇంజన్లున్నది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి చెక్‌లిస్టులో సరైన పేజీ కోసం సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా వెతికారు. ఆ సమయంలో ముందున్న వాతావరణంపై దృష్టి తగ్గింది. చివరికి క్యుములోనింబస్ మేఘం నుంచి విరుచుకుపడిన దిగుగాలి కూల్చేసింది. కంగారులో ఉన్నవాడి వేలికి వెంటనే దొరికేలా పేజీలు కూర్చడం కూడా రెక్కను మలచడమంత శ్రద్ధగా చేయాల్సిన పని.

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో సినిమా కథలు అల్లే రచయితలకూ దర్శకులకూ ఒక మనవి. హీరో రాక కోసం ఒంటి ఇంజన్ హెలికాప్టర్‌ను ముప్పై మీటర్ల ఎత్తున కదలకుండా నిలబెడితే పైలట్‌ను ఆ గీత లోపల కూర్చోబెట్టినట్టే. షాట్ ఎంతసేపు, ఏ ఎత్తున అన్న నిర్ణయం ఆయనకే వదిలేయండి, ఆయన వద్దంటే మళ్లీ అడగకండి. ఇంజన్ ఆగిన సన్నివేశం రాసే అవకాశం వస్తే పేలుడు మానేసి, కెమెరాను పైలట్ ఎడమచేతి మీద పెట్టి చూడండి.