‘గబ్బిలం’: ధర్మవ్యాఖ్యాతల బాధ్యత

1941లో వెలువడిన జాషువ ‘గబ్బిలం’ మేఘసందేశ సంప్రదాయాన్ని అనుసరించిన కావ్యం. ఇందులో సందేశం చేరవలసింది కాశీలోని శివునికి. ఆలయప్రవేశం లేని అరుంధతీసుతుడు, ఆ ప్రవేశమున్న గబ్బిలాన్ని దూతగా ఎన్నుకొని, అర్చకుడు చెంత లేని సమయం చూసి తన మొర వినిపించమంటాడు. ఈ నియమమే కావ్యానికి కీలకం. దైవాన్ని నమ్మిన నాయకుడు దైవానికీ తనకూ నడుమ నిలిచినవారిని నమ్మలేకపోయాడు. కనుక ఈ మొరను మతం వెలుపలి ఆక్షేపణగా ధర్మశాస్త్ర పండితులు తోసిపుచ్చలేరు. ఆకలినీ అంటరానితనాన్నీ కర్మఫలంగా వివరించే వ్యాఖ్యానం పీడనకు సమర్థనగా పరిణమిస్తుంది. కావ్యాన్ని కరుణరసపోషణకే పరిమితం చేసే సాహిత్యవిమర్శ సైతం ఆ మౌనంలో భాగస్వామి అవుతుంది. అర్చకుని కన్నుగప్పి ఆ మొర ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న ప్రశ్నకు ధర్మవ్యాఖ్యాతలే సమాధానం చెప్పవలసి ఉంది.