వాలుబండికి చక్రములు

బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాలకు చేరువగా, కన్యబోయిన సుధాకర్ నెలకొల్పిన విచిత్రవాహనముల ప్రదర్శనశాల కలదు. క్రికెట్ బ్యాటు ఆకృతిలోను, పాదరక్ష ఆకృతిలోను కార్లను నిర్మించిన ఆయన 2005 జులై 1వ తేదీన హైదరాబాదులో స్వయముగా త్రొక్కి నడిపిన మూడుచక్రముల సైకిలు, 41 అడుగుల 7 అంగుళముల ఎత్తును, 37 అడుగుల 4 అంగుళముల పొడవును గలదై, గిన్నిస్ గ్రంథమున స్థానము సంపాదించుకొన్నది. దాని చక్రమునకు వ్యాసము 17 అడుగులు. అట్టి చక్రము ఒక్క చుట్టు తిరిగిన బండి 53 అడుగులు ముందునకు సాగును. చూపరుల అబ్బురపాటే ప్రయోజనముగా గల యంత్రమునకు చక్రమెంత పెద్దదైన అంత మేలు. కాని అదే నగరపు పడమటి కొసన, మాదాపూరు మొదలు నానక్‌రాంగూడ వరకు అద్దపు మేడలు బారులు తీర్చిన సీమలో, సెలవుదినములందు స్వహస్తములతో ఒక వాలుబండిని కట్టుకొని దానిపై ఆఫీసునకు పోవలెనని తలచు ఇంజనీరునకు ఆ న్యాయము చెల్లదు.

రికంబెంట్ ట్రైక్ అని పేరొందిన ఈ బండిలో త్రొక్కువాడు పడకకుర్చీలో వలె వెనుకకు జారగిలబడి, కాళ్ళను ముందునకు చాచి పెడళ్ళను త్రొక్కును. ముందు రెండు, వెనుక ఒకటి చక్రములున్న రూపమును టాడ్‌పోల్ అనియు, ముందొకటి, వెనుక రెండుగా నున్న రూపమును డెల్టా అనియు వ్యవహరింతురు. డెల్టా మనకు క్రొత్త కాదు. ఒకప్పుడు మన పట్టణముల వీధులలో విరివిగా తిరిగిన సైకిల్ రిక్షా, సీటు నిటారుగా నుండుట తప్ప, చక్రముల అమరికలో ఆ కుటుంబమునకు చెందినదే. రిక్షాకు 28 అంగుళముల చక్రములు చాలినవి; ఏలయన అది నడకకు కొంచెము మించిన వేగముతో పోవునది, మలుపులో దాదాపు నిలిచి తిరుగునది. వాలుబండి అట్లు తిరగదు, తిరుగుటకు నిర్మించినదియు కాదు.

చక్రము పెద్దదై యుండవలెనను భావము సైకిలు శైశవమునాటి నిర్బంధమునుండి పుట్టినది. పెడళ్ళు ముందుచక్రపు ఇరుసునకే తగిలియున్న దినములలో, ఒక త్రొక్కుడునకు ఒకే చుట్టు గనుక, వేగము గోరువాడు తన కాళ్ళ పొడవు అనుమతించినంత పెద్ద చక్రమును ఎక్కుట తప్ప గత్యంతరము లేకుండెను. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలులో చైను వెనుకచక్రమును త్రిప్పుటతో ఆ నిర్బంధము తొలగినది గాని, అలవాటు మాత్రము తొలగలేదు. 1962లో అలెక్స్ మౌల్టన్ ఇంగ్లండున చిన్న చక్రములకు రబ్బరు స్ప్రింగులను, ఎక్కువ ఒత్తిడిని తాళు టైర్లను జతచేసి సైకిలును వెలువరింపగా, ఆ సంవత్సరము డిసెంబరులోనే జాన్ వుడ్‌బర్న్ దానిపై కార్డిఫ్ నుండి లండనునకు రికార్డు వేగముతో చేరి, చిన్న చక్రము మందగామి యను అపవాదును చాలవరకు తుడిచిపెట్టెను. వాలి త్రొక్కుట విషయమున కూడ ఇట్టి కథయే నడచినది: 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అను పందెగాడు, మోషే అను నిర్మాత కట్టిన వాలుసైకిలుపై గంటలో 45 కిలోమీటర్లు దాటగా, మరుసటి యేడు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘము అట్టి సైకిళ్ళను పందెములనుండి బహిష్కరించినది. ఓడింపలేనిదానిని నిషేధించుట సంఘములకు సులభము.

ఇక విషయమునకు గుండెకాయ వంటిది ఒకటి కలదు. సైకిలు మలుపులో లోనికి ఒరగును. ఆ ఒరుగులో శరీరభారమును, వెలికి లాగు పోటును కలిసి చక్రపు తలము వెంబడియే నేలకు దిగును. కావుననే సన్నని పుల్లలతో అల్లిన చక్రము నిలువు బరువును ఆశ్చర్యకరముగా మోయును గాని, అడ్డపు బరువును మోయుట దానికి అలవాటు లేదు. మూడుచక్రముల బండి ఒరగదు. మనిషియు బండియు కలిసి 100 కిలోలనుకొని, గంటకు 25 కిలోమీటర్ల వేగమున, 10 మీటర్ల వ్యాసార్ధము గల మలుపు తిరిగినచో, దాదాపు 49 కిలోల బరువునకు సమానమైన పోటు చక్రములపై అడ్డముగా పడును. టాడ్‌పోల్ బండిలో అందు పెద్దపాలు వెలుపలివైపు ముందుచక్రమే భరింపవలయును. మూలనున్న పాత సైకిలును విప్పి దాని 28 అంగుళముల చక్రములను ముందు బిగించినవానికి రిమ్ము ఏదో ఒకనాడు వంకర తిరుగును. బెండు తీయించినను మరల తిరుగును. హబ్బు అంచుల నడిమి ఎడము మారకుండ చక్రము చిన్నదైనకొలది, పుల్ల పొట్టిదై రిమ్మునకును హబ్బునకును నడుమ ఏర్పడు కోణము విశాలమగును. పెద్ద చక్రమున 30 సెంటీమీటర్లకు చేరువైన పుల్ల 20 అంగుళముల చక్రమున 19కి దిగును. అడ్డుపోటునకు లొంగని గుణము ఆ నిష్పత్తి వర్గమును అనుసరించి పెరుగునది గనుక, రెండింతలు దాటిన బిగువు ఊరకయే లభించును. ముందుచక్రములకు 20 అంగుళములే అనువైనవని లోకమంతటను ఈ బండ్లను కట్టువారు చెప్పుటకు మూలము ఇదియే గాని, అందము కాదు.

అయితే 20 అంగుళములన్న మాటను నమ్మి దుకాణమునకు పోరాదు. టైరు ప్రక్కన అంగుళములు ముద్రించియున్నను, రిమ్ములో టైరంచు కూర్చుండు చోటి వ్యాసమే నిజమైన కొలత. దానిని మిల్లీమీటర్లలో తెలుపు ఐ.ఎస్.ఓ. అంకె కూడ ఆ ప్రక్కనే చిన్న అక్షరములలో నుండును. 20×1.75 అని దశాంశములో వ్రాసినది 406. 20×1⅜ అని భిన్నములో వ్రాసినది 451. ఒకదాని టైరు మరొకదాని రిమ్మునకు ఏ బలప్రయోగమునకును ఎక్కదు. 16 అంగుళములలో 305, 349 అనియు, 26 అంగుళములలో 559, 590 అనియు ఇట్టి దాయాదులే కలరు. మన పాలవాని సైకిలు 28×1½ చక్రము 635. పిల్లల సైకిళ్ళకు వచ్చు 406 టైరు మన ఊళ్ళలో సామాన్య దుకాణమున సైతము దొరకును. 451 వేగములో కొంత మెరుగైనదే గాని, శనివారము సాయంకాలము శేరిలింగంపల్లిలో అది చిరిగినచో సోమవారమునకు బండి కదలునన్న భరోసా లేదు. దొరకని టైరు కంటె దొరుకు టైరే వేగమైనదని నా అభిప్రాయము.

ఫ్రేము వెల్డు కాకమునుపే చక్రమును నిశ్చయించుకొనవలెననుటకు మరియొక హేతువు కలదు. నేర్పరులు సైతము దీనిని ఆలస్యముగా గ్రహింతురు. ముందుచక్రము ఏ కీలుపై ఇటునటు మరలునో ఆ కింగ్‌పిన్నును నిలువుగా గాక లోనికి వాల్చి, దాని అక్షరేఖను పొడిగించినపుడు సరిగా టైరు నేలనంటు బిందువును తాకునట్లు అమర్తురు. అట్లున్ననే ఒక ప్రక్క బ్రేకు పట్టినను హ్యాండిలు చేతిలోనుండి గుంజుకొనదు. ఇరుసు ఎత్తున కింగ్‌పిన్నునకును చక్రపు నడుమకును 70 మిల్లీమీటర్ల ఎడమున్నదనుకొందము: 406 చక్రమునకు, టైరుతో కలిపి వ్యాసార్ధము 240 మిల్లీమీటర్లు గనుక, వాలు 16 డిగ్రీలకు కొంచెము మించును, 559 చక్రమునకు 12 చాలును. 406కై వాల్చిన కింగ్‌పిన్నునకు పిదప బుద్ధి మారి 559 చక్రమును తగిలించినచో ఆ రేఖ టైరు నంటు చోటును 25 మిల్లీమీటర్లు దాటి వెలుపల నేలను తాకును. ప్రతి గుంత హ్యాండిలులో తెలియును. పెద్ద చక్రము మరలుటకు చోటు కూడ ఎక్కువ కోరును. తొడకును మోచేతికిని తగులకుండ దానిని వెలికి జరిపినచో బండి వెడల్పు పెరుగును. కొండాపూరు అపార్టుమెంటులో నివసించువానికి లిఫ్టు తలుపు వెడల్పు కూడ ఈ గణితమున ఒక పదమే.

వెనుకచక్రమునకు అడ్డుపోటు తక్కువ గనుక అచ్చట స్వేచ్ఛ కొంత కలదు. పలువురు 559నే కోరుదురు. పైగేరున వేగము హెచ్చునన్నది వారి వాదము. ముందు 48 పళ్ళు, వెనుక 12 పళ్ళు ఉండగా ఒక్క త్రొక్కుడునకు 406 చక్రము 6.1 మీటర్లు, 559 చక్రము 8.2 మీటర్లు పోవును. నిమిషమునకు 80 త్రొక్కుళ్ళైన గంటకు ఒకటి 29 కిలోమీటర్లు, రెండవది 39. చదును నేలపై ఈ వాదము నిలుచును. కాని 1998లో సైబర్ టవర్స్ లేచినది చదును నేలపై కాదు. దుర్గం చెరువు చుట్టును, ఖాజాగూడ గుట్టలయందును ఉన్న కరకురాతి వంపులపైననే ఈ నగరభాగమంతయు పరచుకొన్నది. ఎక్కుడులో మూడుచక్రముల బండికి గల మహాగుణము, ఎంత మెల్లగా పోయినను పడిపోకుండుట. ముందు 30, వెనుక 32 పళ్ళతో 406 చక్రము ఒక త్రొక్కుడునకు 1.43 మీటర్లే కదలును. నిమిషమునకు 60 త్రొక్కుళ్ళతో గంటకు 5 కిలోమీటర్లు, అనగా నడకవేగమున, ఊపిరి కోల్పోకుండ గుట్ట నెక్కవచ్చును. 559తో ఆ సౌఖ్యము నాలుగవవంతునకు మించి తగ్గును. పైవేగము చాలదన్నచో ముందు పళ్ళచక్రమును పెద్దది చేసికొనవచ్చును. కావున ఈ నగరమున మూడును 406 లగుటయే నాకు సమ్మతము. సంచిలో ఒకే కొలత ట్యూబు చాలును.

చిన్న చక్రమునకు దోషము లేదనుట పక్షపాతమగును. గుంతలో అది లోతుగా దిగును, స్పీడ్ బ్రేకరు అంచును నిక్కముగా గుద్దును; పల్లెదారులలో ఎడ్లబండి చక్రము అంత పెద్దదై యుండుటకు కారణమిదియే. పైగా సైకిలువాడు గుంతను తప్పించుకొని పోవును. టాడ్‌పోల్ బండికి మూడు చక్రములు మూడు జాడలు వేయును గనుక, ఒకటి తప్పినను మరొకటి తప్పదు. దీనికి చికిత్స వ్యాసములో లేదు, వెడల్పులో కలదు: 47, 50 మిల్లీమీటర్ల వెడల్పు టైరును కొంత తక్కువ గాలితో నడిపినచో మన రోడ్ల కరకుదనము సగము దానిలోనే అణగిపోవును. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంబడి ప్రారంభమైన సోలార్ కప్పు సైకిలు బాటపై మాత్రము ఈ జాగ్రత్త అంతగా అక్కరలేదు. నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వరకు 8.5, నార్సింగి నుండి కొల్లూరు వరకు 14.5, వెరసి 23 కిలోమీటర్ల ఆ బాట 4.5 మీటర్ల వెడల్పుతో, పై కప్పున 16 మెగావాట్ల విద్యుత్తును పండించు శక్తితో, ఎండవాన లెరుగక నున్నగా సాగును. 80 సెంటీమీటర్ల వెడల్పు బండి ఎవరికిని అడ్డు కాకుండ పోవుటకు ఇంతకంటె తగినచోటు ఈ ప్రాంతమున నేనెరుగను. కాని ఇంటినుండి ఆ బాటకు చేరువరకు గల దారికే టైరును ఎన్నుకొనవలెను.

కట్టు సాధనములకు ఈ నగరమున కొదువ లేదు. రాణీగంజిలో గొట్టములు, బేరింగులు దొరకును. బాలానగరులో లేతుపై కింగ్‌పిన్నును తిరుగబట్టి యిచ్చువారు కలరు. 2023 మార్చిలో రాయదుర్గమున తెరచిన టి-వర్క్స్, నమూనా యంత్రములను తయారుచేసికొనదలచినవారి కొరకే ఏర్పడినది. అయినను లేతు పట్టించుటకు ముందు టైర్లను, రిమ్ములను, హబ్బులను కొని ఇంటికి తెచ్చి కొలుచుకొనవలెను. హబ్బు విషయమున ఒక హెచ్చరిక: సైకిలు ఫోర్కు ఇరుసును రెండు కొసలా పట్టుకొనును, టాడ్‌పోల్ ముందుచక్రమునకు ఒక కొసనే ఆధారము. సామాన్య సైకిలు ఇరుసు అట్లు వ్రేలాడలేక కొన్ని నెలలలో వంగును. 12 మిల్లీమీటర్లకు తక్కువ కాని ఉక్కు ఇరుసు పట్టు హబ్బు కావలెను. చక్రముల కుర్చీకి వాడు హబ్బులు ఒంటి ఆధారమునకే చేసినవి గనుక కొందరు వానినే వాడుదురు గాని, వానికి బ్రేకు పట్టుటకు చోటుండదు. డిస్క్ బ్రేకు పట్టునట్టి, 14 మిల్లీమీటర్ల ఇరుసు గల బి.ఎం.ఎక్స్. హబ్బును గాని, కొండలు దిగు సైకిళ్ళకై చేసిన 20 మిల్లీమీటర్ల హబ్బును గాని సంపాదించి, 36 పుల్లలతో 406 రిమ్మునకు అల్లించుట ఉత్తమము. పుల్లల పొడవును అల్లువానికి వదలక ముందే లెక్కకట్టి పట్టుకొనిపోయినచో, ఆ పొట్టి పుల్లలు ఇచ్చట నిలువయుండుట అరుదు గనుక, కోయించి మరలు వేయించు పని కూడ అదే పూట తీరును.