కళాపూర్ణోదయమున స్త్రీపురుష వ్యత్యయము

పింగళి సూరనార్యుడు నంద్యాల ప్రభువగు కృష్ణమరాజున కంకితమిచ్చిన కళాపూర్ణోదయమున నాయకుని జననమే యొక చిక్కుముడి. కళాపూర్ణునకు దల్లి మణిస్తంభుడు, తండ్రి సుముఖాసత్తి. పేళ్లు తారుమారైనవని చదువరి శంకించుట సహజము. కాని యిది లేఖకదోషము గాదు. ఆ దంపతులు స్త్రీపురుషరూపములను దమలో దాము మార్చుకొన్న పిమ్మటనే వారికి బుత్రుడు గలుగును. దీనిని గేవలాద్భుతముగ నెంచి దాటిపోయినచో గవి హృదయము చేజారును.

ఇది సరస్వతితో విహరించుచు బ్రహ్మ చెప్పిన కథ. అందలి పేళ్లు పెక్కు లా విహారమునుండియే పుట్టినవి. మదాశయుడన నా హృదయము. అతని భార్య రూపానుభూతి. సుముఖాసత్తి యన సుందరముఖముయొక్క సామీప్యము. వాణీముఖము మణిమయస్తంభమునకు జేరువ కాగా నందు దోచిన ప్రతిబింబమే కళాపూర్ణుడు. బింబమును గర్భమున దాల్చినది స్తంభము, దాల్పజేసినది యాసత్తి. వ్యాకరణమున స్తంభశబ్దము పుంలింగము, ఆసత్తిశబ్దము స్త్రీలింగము. కార్యమునం దన్ననో స్తంభము తల్లి, ఆసత్తి తండ్రి. శబ్దమునకును గార్యమునకును గల యీ వైరుధ్యమును దీర్చుటకే రూపవినిమయము కావలసివచ్చెను.

ఇంతటితో నిలిచియుండిన నది చక్కని ప్రహేళిక మాత్రమై యుండెడిది. సూరన యాదంపతులకు బూర్వకథను గల్పించెను. కాశ్మీరమున శారదాపీఠముకడ వారు సుగాత్రీశాలీనులు. సర్వాభరణభూషితయై వచ్చిన భార్యను శాలీను డాదరింపడు. ఆమె నగలు దీసి, తోటలో నతనితోపాటు పనిచేయగా, నప్పు డతనికి ననురాగ ముదయించును. పేరునకు దగినట్లు సిగ్గరి పురుషుడు. ముందంజ వేయునది స్త్రీ. శరీరములు మారుటకు జాల ముందే వారి స్వభావములు మారియున్నవి. మన ప్రబంధములలో నాయికకు సొమ్ములు తొడుగుటకే పద్యములు వ్యయమగుచుండగా, సొమ్ములే యడ్డమని చెప్పిన ధైర్యము సామాన్యము గాదు.

అమెరికా కథకుడు నథానియేలు హాథార్ను 1843లో బ్రకటించిన ‘జన్మచిహ్నము’ను దీనితో బోల్చి చూడదగును. భార్య చెక్కిలిపై నున్న చిన్న మచ్చను దొలగింపగోరి శాస్త్రజ్ఞుడైన భర్త యౌషధ మిచ్చును. మచ్చ పోవును, ఆమె ప్రాణమును బోవును. మచ్చ మానవజన్మపు టసంపూర్ణతకు సంకేతమట. ఆ సంకేతభారమంతయు స్త్రీశరీరమే మోసినది. భర్త శరీరమున కేమియు గాలేదు. సూరన కథలో నట్లు కాదు. సంకేత మిరువురిని సమానముగ మార్చినది.

నంద్యాల జిల్లాలో నాళ్లగడ్డకు జేరువనున్న యహోబిలమున నృసింహుడు చెంచులక్ష్మిని వరించిన కథ ప్రసిద్ధము. సిరి నొల్లక యడవిపిల్లను గోరిన దేవునికిని శాలీనునకును బోలిక తోపకపోదు. అదియే సూరనకు మూలమనుట మాత్రము సాహసము.

కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడిననాటినుండి కళాపూర్ణోదయముపై జర్చ తెగలేదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీని నాంగ్లీకరించిరి. అయినను సుగాత్రీశాలీనుల వృత్తాంతమును విడదీసి పతివ్రతోపాఖ్యానముగ బోధించినచో విద్యార్థికి సగమే దక్కును. భర్తను సేవించిన సుగాత్రియే పిదప సుముఖాసత్తియై, కళాపూర్ణునకు దండ్రి యయ్యెనని కూడ బండితులు చెప్పవలయును.