యుద్ధవార్తకు సాక్ష్యమేది? – బొబ్బిలి, చందుర్తి కథనాల పరిశీలన

పెద్దాపురానికి ఈశాన్యంగా, గొల్లప్రోలుకు సమీపంలో ఉన్న చందుర్తి దగ్గర 1758 డిసెంబరులో ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ యుద్ధం జరిగింది. ఆంగ్ల గ్రంథాలలో దాని పేరు కాండోర్. ఊరి పేరు దగ్గరే పొత్తు కుదరని యుద్ధమిది. అంతకు రెండేళ్లు నిండకముందు, 1757 జనవరి 24న, బొబ్బిలి కోట కూలింది. బొబ్బిలికి దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము ఉంది, జంగాలు పాడిన కథ ఉంది, నాటకాలూ ఉన్నాయి. చందుర్తికి ఆ భాగ్యం పట్టలేదు. అయితే ఈ రెండు యుద్ధాలను గురించి రాసేవారందరూ చివరికి ఆశ్రయించే గ్రంథం ఒక్కటే. అది రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్రలో 1778లో వెలువడిన రెండవ సంపుటం.

ఓర్మ్ చెప్పినది చరిత్ర, కవి చెప్పినది కల్పన అనే విభజన మన విమర్శలో చాలాకాలం చెల్లింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ గ్రంథంలో ఆ విభజనను ప్రశ్నించారు. తెలుగు రచనలలోనూ చరిత్రస్పృహ ఉందనీ, రచన పోగడను బట్టి ఆనాటి శ్రోతలు దానిని గుర్తించేవారనీ వారి వాదం. ఇది విలువైన వాదం. కాని రచన చరిత్ర కోవకు చెందినదని తేలినంత మాత్రాన అందులోని ఫలానా వాక్యం నమ్మదగినదని తేలదు. పరస్పర విరుద్ధమైన యుద్ధవార్తలు ఎదురైనప్పుడు పుస్తకాన్ని మొత్తంగా నమ్మడమో తోసిపుచ్చడమో కాక, ఒక్కొక్క వాక్యాన్ని ‘ఇది ఎవరు చూడగలిగారు? చూసినవారి నుండి రాసినవానికి ఎలా చేరింది?’ అని అడగాలని నా అభిప్రాయం.

ఓర్మ్ బొబ్బిలిని చూడలేదు, చందుర్తినీ చూడలేదు. ఆ కాలంలో ఆయన మద్రాసు కౌన్సిలులో ఉన్నాడు, 1758లో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. అంటే ఆయన కూడా విన్నవాడే. బొబ్బిలి ఘట్టంలో ఆయన రెండు సంగతులు చెబుతాడు. కోట పడిన తరువాత ఒక వృద్ధుడు రంగారాయుని కుమారుణ్ణి తెచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడన్నది మొదటిది. దీనికి సాక్షి లా. అతడి నుండి వార్త ఫ్రెంచి శిబిరానికీ, అక్కడి నుండి ఐరోపా వారందరికీ చేరే దారి స్పష్టంగా ఉంది. ఇక రెండవది విజయరామరాజు వధ. రంగారాయుని సైనికులు నలుగురు కోటలో దాగి, రాత్రి గోడ దిగి, పొదలలో రెండు రోజులు కనిపెట్టుకొని ఉన్నారు. వారిలో ఇద్దరు శత్రువుల భాషే మాట్లాడుతూ శిబిరంలో ప్రవేశించి, గుడారం వెనుక నుండి పాకి వెళ్లి, నిద్రిస్తున్న రాజును ముప్పై రెండు పోట్లు పొడిచారు. ఆ ఇద్దరినీ అక్కడికక్కడే చంపివేశారు.

ముప్పై రెండు పోట్లను శవాన్ని చూసినవారు లెక్కపెట్టి ఉండవచ్చు. మరి పొదలలో గడిపిన రెండు రోజులను ఎవరు చూశారు? శిబిరంలోకి వచ్చిన ఇద్దరూ చనిపోయారు. మిగిలిన ఇద్దరు చెప్పి ఉండాలి, లేదా శిబిరంలో పుట్టిన వదంతి కావాలి. మొదటిదే నిజమైతే, ఓర్మ్ పుటలలోని ఆ భాగానికి మూలం బొబ్బిలి పక్షం వారి నోటిమాట, అనగా జంగం కథకు ఆధారమైన నోటిమాటే. ‘చరిత్ర’ అని మనం ఎత్తిపట్టిన వాక్యం ‘కథ’కు సోదరి అవుతుంది. ఈ సంగతిని మన పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదు. ఓర్మ్ వాక్యాలలో తాండ్ర పాపారాయుని పేరు లేకపోవడాన్ని చూపి కథను తప్పుపట్టడం మాత్రం పరిపాటి అయింది. పేరు లేకపోవడం పరాయి శిబిరంలో ఆ పేరు తెలియదనడానికే సాక్ష్యం. ఇంకొక విషయం: కథలో పాపారాయుడు రాజాంలో ఉన్నాడు, బొబ్బిలి ముట్టడి వార్త అతనికి వేళకు అందలేదు. యుద్ధంలో వార్త ఎలా ప్రయాణిస్తుందన్న చింత ఓర్మ్‌లో కంటే మన కథలోనే ఎక్కువ.

చందుర్తి దగ్గర ఇదే పరీక్ష వేరొక ఫలితమిస్తుంది. కర్నల్ ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. ఎత్తుగా పెరిగిన చేను ఆంగ్ల పటాలాన్ని కప్పివేసింది. ఓర్మ్ ఆ చేనుకు వాడిన పదాన్ని మొక్కజొన్నగా తీసుకోవడం తొందరపాటు కావచ్చు. మన మెట్టలో ఆ కాలానికి జొన్న అనుకోవడమే ఉచితం. ఫ్రెంచి సేనాని కాన్ఫ్లాన్స్ సిపాయిలనే ఐరోపా సైనికులుగా భ్రమించి వారి మీదికి ఉరికాడు, చేను చాటు నుండి అసలు పటాలం బయటపడింది. శత్రువు మనసులోని భ్రమను గెలిచినవాడు చెబితే సాధారణంగా నమ్మరాదు. అయితే ఇక్కడ ఫ్రెంచి అధికారులు కొందరు ఆంగ్లేయులకు బందీలుగా చిక్కారు. ఆ భ్రమను స్వయంగా అనుభవించినవారు చెప్పే అవకాశం ఉంది కనుక ఈ వాక్యం నిలుస్తుంది.

అదే కథనంలో విజయనగరం ఆనందగజపతి సేనలు యుద్ధంలో కొరగాకుండా పోయాయన్న మాట ఉంది. దీనిని అంత తేలికగా అంగీకరించలేము. యుద్ధం ముగిశాక ఆనందరాజు ఒప్పుకున్న సొమ్ము చెల్లించలేదని ఆంగ్లేయులకు అతనితో తగవు వచ్చింది. గోదావరి దాటిన ఫోర్డ్ సేన డబ్బు లేక వెనుదిరిగి, పెద్దాపురంలో వారాల తరబడి నిలిచిపోయింది. కొత్త ఒప్పందం కుదిరి 1759 జనవరి చివర కదిలేవరకు, ఆ సేన కళ్లకు ఆనందరాజు మిత్రుడు కాదు, బాకీదారు. రణరంగంలో అతని బలగం ఏం చేసిందన్నది చూసినవారు ఉన్నారు, నిజమే. కాని ఆ చూసినవారే పెద్దాపురం శిబిరంలో జీతాల కోసం ఎదురుచూస్తున్నవారు. అతని పక్షాన ఎవరేమి చెప్పుకున్నారో మనకు అందలేదు. చందుర్తిని పాడిన జంగం ఎవడూ లేడు.