స్కాట్ నవల – స్కాట్లాండ్ స్మృతి

1814లో ‘వేవర్లీ’ రచయిత పేరు లేకుండా వెలువడింది. నవల అప్పటికి కాలక్షేప రచనగానే చెల్లుబాటవుతోంది. కవిగా లబ్ధప్రతిష్ఠుడైన వాల్టర్ స్కాట్ తన పేరు దాచుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ‘ఎడిన్‌బరో రివ్యూ’లో ఫ్రాన్సిస్ జెఫ్రీ ఆ కృతిని ప్రశంసించాడు. కానీ చారిత్రక నవలకు అసలైన పరీక్ష ఎదురైంది 1816 డిసెంబరులో వచ్చిన ‘ఓల్డ్ మోర్టాలిటీ’తోనే.

రాజు మతవిధానంపై 1679లో తిరగబడిన కవెనంటర్లనే ప్రెస్బిటేరియన్ల కథ అది. వారిని స్కాట్లాండ్ ప్రజలు ధర్మం కోసం ప్రాణాలర్పించిన అమరులుగా తలచుకునేవారు. వారి సమాధులపై చెరిగిపోతున్న అక్షరాలను తిరిగి చెక్కుతూ ఊరూరా తిరిగిన వృద్ధుని మారుపేరే నవలకు శీర్షిక. అయినా స్కాట్ ఆ తిరుగుబాటుదారుల్లో పలువురిని మతోన్మాదులుగా చిత్రించాడు; వారిని అణచిన సేనాని క్లేవర్‌హౌస్‌కు శౌర్యసౌజన్యాలు ఆపాదించాడు.

జాన్ నాక్స్ జీవితచరిత్ర రాసిన మతాచార్యుడు థామస్ మెక్రీ దీనిని సహించలేదు. 1817లో ‘ఎడిన్‌బరో క్రిస్టియన్ ఇన్‌స్ట్రక్టర్’ పత్రికలో సుదీర్ఘ విమర్శ ప్రకటించాడు. కల్పన పేరిట నిజంగా జీవించిన మనుషులకు అన్యాయం చేసే హక్కు నవలాకారునికి లేదన్నది ఆయన వాదసారం. స్కాట్ ‘క్వార్టర్లీ రివ్యూ’లో, మిత్రుడు విలియం ఎర్‌స్కిన్ సాయంతో, తన నవలను తానే అజ్ఞాతంగా సమీక్షించుకుని సమర్థించుకున్నాడు. ఇది విమర్శ మర్యాదకు తగిన పని కాదు.

మెక్రీ దృష్టిలోనూ లోపం లేకపోలేదు. ప్రతి పాత్రనూ న్యాయస్థానంలో సాక్షిలా నిలబెట్టాడే గాని, కథానాయకుడు మోర్టన్ రెండు పక్షాల క్రౌర్యం మధ్య నలిగిపోవడంలోని మానవతను ఆయన తగినంత గుర్తించలేదు. మోర్టన్ తిరుగుబాటులో చేరడానికి రాజ్యం చేసిన అన్యాయమే కారణమని చూపినవాడు స్కాటే కదా!

ఈ వివాదం అక్కడితో ఆగలేదు. కవెనంటర్ల పట్ల సానుభూతితో జేమ్స్ హాగ్ 1818లో ‘ది బ్రౌనీ ఆఫ్ బాడ్స్‌బెక్’ను, జాన్ గాల్ట్ 1823లో ‘రింగన్ గిల్హేజ్’ను వెలువరించారు. నవలకు నవలే జవాబయింది.

కాలక్షేపం కథతో ఎవరూ చరిత్ర కోసం తగువుపడరు. నవలను చరిత్రకు జవాబుదారీగా నిలబెట్టిన మెక్రీ, తాను ఆశించకపోయినా, ఆ ప్రక్రియకు చరిత్ర సరసన పీట వేశాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని ‘ఆంధ్ర స్కాట్’ అని గౌరవించుకున్న మనం ఆ బిరుదులోని కీర్తితోపాటు ఈ బాధ్యతనూ గుర్తుంచుకోవాలి. గతించినవారు తమ పక్షం చెప్పుకోలేరు. వారి తరఫున అడిగే విమర్శకుడు ఉన్నప్పుడే చారిత్రక నవలకు విలువ.