కాలి వాపు వెనుక మందుల లెక్క

వైద్యుడు రాసిన మందులు, దుకాణంలో ఇచ్చిన మందులు, రోగి ఇంట్లో నిజంగా వేసుకుంటున్న మందులు అనే మూడు పట్టికలూ ఒకటే అయినప్పుడే ఆ రోగి మందుల రికార్డు సరైనదవుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు సరిదిద్దే పనిని వైద్య పరిభాషలో 'మెడికేషన్ రికన్సిలియేషన్' అంటారు, తెలుగులో మందుల లెక్క సరిచూడటమని చెప్పుకోవచ్చు.

గోదావరి డెల్టాలో ఈ లెక్క ఎక్కడ తప్పగలదో తెలియడానికి ఆమ్లోడిపిన్ అనే ఒక్క మందు చాలు. రక్తనాళాలను సడలించి రక్తపోటును తగ్గించే ఈ బిళ్లను ఊళ్లోకి వచ్చే 104 సంచార వైద్య వాహనం దగ్గర తీసుకునే రోగి, రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో పెద్ద డాక్టరుకు చూపించుకున్నప్పుడు, టెల్మిసార్టాన్ అనే మరో రక్తపోటు మందుతో ఇదే ఆమ్లోడిపిన్ కలిసిన బిళ్ల వేరొక కంపెనీ పేరుతో చీటీలోకి రావచ్చు. పేరూ రంగూ వేరు కనుక రెండూ వేర్వేరు మందులనుకుని రోగి రెండింటినీ వేసుకుంటే తెలియకుండానే మోతాదు పెరుగుతుంది, మోతాదుతో పాటు ఈ మందు వల్ల కొందరికి వచ్చే పాదాల వాపూ పెరుగుతుంది. బోదకాలును తరతరాలుగా చూసిన ఈ ప్రాంతంలో కాలు వాచిందంటే ఇంట్లోవాళ్లకు ముందుగా తోచేది ఫైలేరియానే. అయితే బోదకాలు ఎక్కువగా ఒక కాలికే వస్తుంది, లేదా ఒక కాలు రెండోదానికంటే లావుగా ఉంటుంది, మందు వల్ల వచ్చే వాపు సాధారణంగా రెండు పాదాలకూ ఒకేలా ఉంటుంది. ఆ తేడా గమనించకుండా మూత్రం ఎక్కువగా పోయించే బిళ్లను జోడిస్తే, ఆ వాపు దానితో పెద్దగా తగ్గకపోగా, పట్టికలోకి మూడో మందు చేరుతుంది. ఒక మందు ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి మరో మందు రాసే ఈ వరుసకు 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అని పేరు.

ఈ వరుసను మొదట పసిగట్టగలిగినవాడు ఫార్మసిస్టు, ఎందుకంటే చాలామంది దుకాణానికి చీటీ తీసుకురారు, ఖాళీ అట్ట చూపించి అదే బిళ్ల ఇమ్మంటారు. రెండు అట్టల వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న ఒకే మందు పేరు డాక్టరు కంటే ముందు అతని కంటపడుతుంది. 1948 నాటి ఫార్మసీ చట్టం మందులిచ్చే పనిని నమోదైన ఫార్మసిస్టుకే అప్పగించింది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నియమావళి రోగికి మందుల సంగతి వివరించి చెప్పడాన్ని కూడా అతని విధుల్లో చేర్చింది. షెడ్యూల్ హెచ్1 జాబితాలోని కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు అమ్మితే రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి గాని, రక్తపోటు బిళ్లకు అలాంటి ప్రత్యేక రిజిస్టరు లేదు. కాబట్టి ఇక్కడ లెక్క నిలిచేది కౌంటరు దగ్గర నుంచి డాక్టరుకు వెళ్లే ఒక్క ఫోను మీదే; ఆ ఫోనును తన రాతకు తప్పుపట్టడంగా తీసుకోని డాక్టరూ, సంకోచం లేకుండా చేసే ఫార్మసిస్టూ ఉన్న ఊరి రోగులు నిజంగా అదృష్టవంతులు.

2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య చీటీలను ఒకచోట చేర్చగలదు, అది మంచి పనే. అయినా చీటీల్లో అన్నిటికంటే అరుదుగా కనిపించేది ఆపేసిన మందు పేరు: ఆమ్లోడిపిన్‌ను ఏ తేదీన, ఏ కారణంతో ఆపారో డాక్టరు రాసి, ఆ ముక్క ఊళ్లోని మందుల షాపుకూ 104 సిబ్బందికీ చేరకపోతే, వచ్చే నెల అదే బిళ్ల మళ్లీ రోగి చేతిలో పడుతుంది.